కోరుట్ల గిర్నిలో నా హార్మోన్లు

ఆ ఆదివారం సాయంత్రం నాలుగు దాటిన కొద్దిసేపటికి కోరుట్లలో రాజేశం గారి ముందుగదిలో ఉన్నవాళ్ళు, ఉన్నవి: పిండి గిర్ని నడిపే రాజేశం, ఆయన భార్య, ఆయన తల్లి, ఆయన కూతురు రజిత. సిరిసిల్ల నుంచి టాక్సీలో వచ్చిన మా బాపు, మా అమ్మ. జగిత్యాల నుంచి బస్సులో వచ్చిన నేను. ఒక దివాను, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు. స్టీలు పళ్ళెంలో గోపురంలా పేర్చిన బూందీ లడ్డూలు. గోడకు ఒక గడియారం, అది దురదృష్టవశాత్తు సరిగ్గానే నడుస్తోంది. నా ఒళ్ళో నీలంరంగు చల్లటి సంచీ. సంచీలో నాలుగు ప్లాస్టిక్ ట్యూబులు. వాటిలో రెండింట్లో నా ఉమ్మి.

అంతే సామాను. ఇంత తక్కువ సామానుతో, ఒక్క చెడ్డమాట కూడా అనకుండా, నాకు ప్రాణంగా నచ్చిన సంబంధాన్ని నేను అరగంటలో ఎలా కూలగొట్టానో చెప్తాను. కూల్చడంలో నాకున్నంత పద్ధతి మీకు కట్టడంలో కూడా కనిపించదు.

ముందు ఉమ్మి సంగతి చెప్పాలి, లేకపోతే మీరు వేరే ఏదో అనుకుంటారు. ఆ రోజు అందరూ అలాగే అనుకున్నారు.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును. మాది సిరిసిల్ల. మా ఇంటి వెనకగోడ, సాంచాల కార్ఖానా ముందుగోడ ఒకటే. సాంచాలంటే మరమగ్గాలు. అవి పగలూ రాత్రీ టకటకా టకటకా కొట్టుకుంటూనే ఉంటాయి. ఇంట్లో ఉప్పు అడగాలన్నా కేక వేసే అడగాలి. పుట్టినప్పటినుంచీ ఆ మోతలోనే పెరిగాను. కాబట్టి జగిత్యాలలో సోలార్ ప్యానెళ్ళు బిగించే కంపెనీలో ఉద్యోగం రాగానే నేను వెతుక్కున్నది ఒక్కటే, నిశ్శబ్దం. ఊరి చివర, సందు చివర, పొలాల పక్కన ఒక గది దొరికింది. ఫ్యాను కిర్రుమంటే దానికీ నూనె వేశాను. ఇక ఆ గదిలో వినిపించేది నా గుండె ఒక్కటే.

ఆ గదిలో నాకు నిద్ర రావడం మానేసింది.

మీరు నవ్వుతున్నారు. కారణం మీకు అప్పుడే అర్థమైపోయింది. నాకు కాలేదు. చెప్పాను కదా, నేను ఇంజనీరును.

నిద్ర నా గది తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, అడ్రసు తప్పు అనుకుని వెనక్కి పోయే కొరియర్ మనిషిలా తయారైంది. నేను మజ్జిగ తాగాను. అరికాళ్ళకు నూనె రాసుకున్నాను. సెల్ ఫోను వంటగదిలో పెట్టి తాళం వేశాను, తర్వాత తాళంచెవి వెతుక్కుంటూ మిగతా నిద్ర పాడుచేసుకున్నాను. చివరికి ఇంటర్నెట్లో చదివి తేల్చాను: లోపం హార్మోన్లలో ఉంది. కార్టిసాల్ అనేది పొద్దున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉండాలి. నాది తలకిందులై ఉంటుంది. కొలిస్తే తెలిసిపోతుంది. కొలవగలిగిందేదైనా బాగుచేయవచ్చు, ఇది నా సిద్ధాంతం.

గదిలో నాతోపాటు ఇర్ఫాన్ ఉండేవాడు. బస్టాండు దగ్గర సెల్ రిపేరు దుకాణం వాడిది. తల దిండుకు తగలకముందే, మాట్లాడుతున్న మాట సగంలో ఉండగానే నిద్రపోయే పుణ్యాత్ముడు. ఆ మిగతా సగం మరునాడు టీ తాగేటప్పుడు చెప్పేవాడు. పరీక్ష సంగతి వాడికి చెప్పాను.

"ఉమ్మి సీసాల పోసి, నాకెందుకు నిద్ర వస్తలేదని దాన్ని అడుగుతవా భయ్యా?" అన్నాడు. "నన్నడుగు. నువ్వు పడుకున్నంక గూడ లిస్టు రాస్తున్నవ్, గదే నీ రోగం."

లిస్టులో వాడి అభిప్రాయాన్ని చేర్చుకుని, ల్యాబుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయి నాలుగు ట్యూబులూ చల్లటి సంచీ ఇచ్చి నియమాలు చెప్పింది. నిద్రలేవగానే ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఐదింటికి ఒకటి, పడుకునే ముందు ఒకటి. ప్రతి ట్యూబుకూ ముందు గంటసేపు నోట్లో ఏమీ పడకూడదు. తిండి, టీ, నీళ్ళు, చివరికి లవంగం కూడా. పగటి నిద్ర అసలే వద్దు. ఆఖరున, "మామూలు రోజు చూసుకోండి సార్. ఫంక్షన్లు, ప్రయాణాలు, టెన్షన్లు ఏవీ లేని రోజు," అంది.

నేను ఆదివారం ఎంచుకున్నాను. నా ఆదివారాలంత మామూలు రోజులు జగిత్యాల జిల్లాలో ఎవరికీ ఉండవు.

పొద్దున్నే మొదటి ట్యూబు నింపి మూత బిగించానో లేదో, మా అమ్మ ఫోను.

"రాజేశం అన్న ఫోన్ జేసిండు. ఇయ్యాల మంచి రోజట. మాట ఖాయం జేసుకుందాం రమ్మంటున్నడు. నాలుగు వరకు కోరుట్ల కాడ ఉండు. ఆ నీలి అంగి ఏస్కో."

ఇక్కడ రజిత గురించి చెప్పాలి. కోరుట్లలోనే ఒక బడిలో లెక్కలు చెప్తుంది. అప్పటికి రెండుసార్లు ఎదురుగా చూశాను, కొన్నిసార్లు ఫోన్లో మాట్లాడాను. నేను ప్రతిదానికీ లిస్టు రాస్తానని తెలిశాక, "అయితే నన్ను ఎన్నో నంబర్ల రాసిన్రు?" అని అడిగింది. "హెడ్డింగుల," అన్నాను. ఆలోచించకుండా నేను చెప్పిన సరైన జవాబు నా జీవితంలో అదొక్కటే. ఆమె నవ్విన తర్వాత నాకు ఇంకో సంబంధం చూడొద్దని ఇంట్లో చెప్పేశాను. కానీ నా నిద్ర సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. పెళ్ళయ్యాక కళ్ళు తెరుచుకుని గదిలో తిరిగే మొగుణ్ణి చూసి ఆమె జడుసుకోకూడదు, అంతకు ముందే బాగుచేసేసుకోవాలి, అదీ నా తొందర.

బుద్ధి ఉన్నవాడైతే ఆ ట్యూబు పారబోసి, వేరే ఆదివారం కొత్తది తెచ్చుకునేవాడు. నేను మొదలుపెట్టిన రీడింగును మధ్యలో ఆపను. రెండో ట్యూబును మధ్యాహ్నం కోరుట్ల బస్టాండులో ఒక స్తంభం చాటున నింపాను. అటుగా పోతున్న ఒక పెద్దాయన ఆగి చూసి, బస్టాండులో ఇంత శుభ్రంగా ఉమ్మేవాణ్ణి ఇన్నేళ్ళలో చూడలేదన్నట్టు తలూపి వెళ్ళాడు. తర్వాత బాపు, అమ్మ వచ్చారు. ముగ్గురం బిర్యానీ తిన్నాం. నాలుగు కొట్టగానే నోరు మూసుకుని రాజేశం గారింట్లో అడుగుపెట్టాను. ఐదింటి దాకా ఓపిక పడితే మూడో ట్యూబు అయిపోతుంది. ఒక్క గంట. ఒక గంట ఆగమంటే ఎవరు ఆగరు?

రాజేశం గారి తల్లి ఆగదు. ఆమెను అందరూ అవ్వ అంటారు. మా దిక్కు మాట ఖాయమైందనడానికి సంతకాలు ఉండవు. పిల్ల ఇంటివాళ్ళు పెట్టిన తీపిని పిల్లవాడు అందరి ముందు నోట్లో వేసుకోవాలి. వేసుకుంటే ఇష్టం. పళ్ళెం పక్కకు జరిపితే, మర్యాదగా 'వద్దు' అని చెప్పినట్టే. అవ్వ లడ్డూ నా ముందు పెట్టి గడియారం చూసింది.

"తిను కొడుకా. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం జొరబడతది. మళ్ల ఆరు దాంక ఏ మాట అనేటట్టు లేదు."

నాలుగున్నర లోపు లడ్డూ నోట్లో పడాలి. ఐదు దాకా నోట్లో ఏదీ పడకూడదు. ఈ రెండింటికీ కుదిరే సమయం ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. ఎదురుగా లెక్కల టీచరు కూర్చుని నావైపే చూస్తోంది.

నిజం చెప్పవచ్చు కదా అంటారు. పెళ్ళి మాటల మధ్య పిల్లవాడి నోటినుంచి హార్మోన్ అనే మాట వస్తే ఏమవుతుందో అంచనా వేయగలిగేంత తెలివి నాకు ఉంది. అందుకని అబద్ధం చెప్పాను. కడుపు బాగాలేదన్నాను.

రాజేశం గారి భార్య లేచి వెళ్ళి వాము నీళ్ళు తెచ్చింది. తాగకూడదు. కడుపు కాదు, పన్ను నొప్పి అన్నాను. అవ్వ కొంగుముడి విప్పి లవంగం తీసింది. ల్యాబు అమ్మాయి లవంగం పేరెత్తి మరీ చెప్పింది. లవంగం అరచేతిలో పట్టుకుని, ఇక గత్యంతరం లేక, ఆదివారం ఒక్కపొద్దు ఉంటున్నానని చెప్పాను.

"ఒక్కపొద్దా?" అంది మా అమ్మ. "గిప్పుడే గదరా బిర్యానీ తిని, నా పళ్లెంల నల్లిబొక్క గూడ తీస్కున్నవ్."

బాపు కుర్చీలో సర్దుకున్నాడు. ఆయన సర్దుకుంటే కుర్చీకి కూడా కోపం వచ్చినట్టు చప్పుడవుతుంది. గడియారం ముల్లు నాలుగున్నర దాటింది. అవ్వ లడ్డూ తీసి పళ్ళెంలో పెట్టింది. గది మొత్తం ఆ లడ్డూతోపాటు ఒక అంగుళం కిందికి దిగింది.

అప్పుడు రాజేశం గారు, పెద్దమనిషి, పరువు దక్కేలా మాట మార్చారు. "పోనియ్యి. పండ్లు తెచ్చినట్టున్నరు, లోపట పెట్టు అవ్వా," అంటూ నా ఒళ్ళోని సంచీ చూపించారు. మాట ఖాయానికి వచ్చేవాళ్ళు పండ్లూ పూలూ తెస్తారు. ఆ పండ్ల సంచీ టాక్సీలో ఉండిపోయింది. ఒళ్ళో ఉన్నది ఇది. నేను గట్టిగానే పట్టుకున్నాను. కానీ గిర్ని ఇంటి ముసలావిడ, గోధుమ బస్తాలు జరిపిన చెయ్యి. సంచీ ఆమె చేతికి పోయింది. జిప్పు తీసి, చేయిపెట్టి, రెండో ట్యూబు బయటికి తీసి వెలుగుకు పట్టింది.

"గిదేంది కొడుకా, నురుగున్నది?"

"ఉమ్మి," అన్నాను.

"ఎవల్ది?"

"నాదే, అవ్వా."

"ఉమ్మి చలువ సంచిల ఎందుకు వెట్టుకున్నవ్?"

అబద్ధాలు అయిపోయాయి. ఉన్నవన్నీ వాడేశాను. "హార్మోన్ టెస్టుకు," అన్నాను.

మీరు ఎప్పుడైనా సిరిసిల్లలో ఒక్కసారిగా కరెంటు పోవడం విన్నారా? అన్ని సాంచాలూ ఒకేసారి ఆగిపోతే చెవుల్లో ఒక గుంత పడుతుంది. ఆ గదిలో అలాంటి గుంత పడింది. ఆ గుంతలోంచి మొదట మా అమ్మ గొంతు వచ్చింది.

"నా కొడుక్కు ఏం తక్కువ లేదు," అంది, ఎవరూ అడగకముందే.

అంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి. నేను లేచి నిలబడి వివరించడం మొదలుపెట్టాను. ఇది మీరు అనుకునే హార్మోన్ కాదు, నిద్ర హార్మోన్, పేరు కార్టిసాల్, పొద్దున ఎక్కువ ఉండాలి, రాత్రి తక్కువ ఉండాలి అని గాలిలో గ్రాఫ్ గీసి చూపించాను.

"మరి నీకు రాత్రి తక్కువున్నదా?" అని అడిగింది అవ్వ, చాలా జాలిగా.

"తక్కువ ఉందో లేదో అని అనుమానం," అన్నాను. రాత్రి, తక్కువ, అనుమానం. ఆ మూడు మాటలను ఒకేచోట పెట్టిన పెళ్ళికొడుకు నాకు ముందు లేడు, నా తర్వాత ఉండడు.

రజిత లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు, విసురుగా కూడా వెళ్ళలేదు. మామూలుగా వెళ్ళింది. నాకు అదే భయం వేసింది. రాజేశం గారు బాపు భుజం మీద చెయ్యివేసి, "బావా, జర బయటికి రా," అన్నారు. అమ్మా, రజిత తల్లీ వాళ్ళ వెనకే వెళ్ళారు. అవ్వ దివాను మీద కూర్చుని, లడ్డూల పళ్ళెం మీద కొంగు కప్పి, చావింట్లో కాపలా ఉన్నట్టు ఉండిపోయింది. ఇక నాకు మిగిలింది మూడో ట్యూబు ఒక్కటే. పోయిన సంబంధం ఎలాగూ పోయింది, కనీసం శాంపిల్ అయినా దక్కాలి కదా. ట్యూబు చేతిలో పట్టుకుని ఐదు కావడం కోసం కూర్చున్నాను.

అప్పుడే కథలాపూర్ నుంచి ఆటోలో ఒక గిరాకీ వచ్చాడు. మరునాటి ఫంక్షనుకు గోధుమ బస్తాలు పిండి పట్టించాలట. చుట్టాలు వచ్చారని గిర్ని బందు పెట్టిన రాజేశం గారు, అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి వెనక్కి పంపలేక, మధ్య తలుపు తీసి మోటారు వేశారు. గిర్ని ముందుగదికి ఆనుకునే ఉంది. బెల్టు పట్టుకుంది. రాళ్ళు తిరిగాయి. గోడ అదిరింది, కుర్చీ అదిరింది, నా వెన్నెముకలో ఒక్కొక్క పూసా అదిరింది. టకటకా టకటకా.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి మోత లేదు. "కరెంటు పోయిందా?" అన్నాను. సిరిసిల్లలో సాంచాలు ఆగి మెలకువ వస్తే ఎవరైనా అనే మొదటి మాట అదే. ఎదురుగా అందరూ వరసగా నిలబడి ఉన్నారు. రజిత కూడా ఉంది. నా తల గోడకు ఆని ఉంది, నోరు తెరిచి ఉంది. చేతిలో మూడో ట్యూబు పొడిగా, శుభ్రంగా ఉంది. గడియారంలో ఆరు దాటింది. ఏ ట్యూబు కోసం లడ్డూ కాదన్నానో, ఆ ట్యూబు వేళలో నేను గురక పెడుతూ ఉన్నాను.

"కరెంటు ఉన్నది. పిండి అయిపోయింది, బంద్ జేసిన," అన్నారు రాజేశం గారు. "మేము నిన్ను ఒక్క మాట అడుగుదామని అచ్చినం. లేపితె లేస్తలేవు. మీ బాపు రెక్క వట్టి ఊపినా లేస్తలేవు. గిర్ని ఆగంగనే లేచినవ్."

ఆ క్షణంలో, మీకు ఎప్పుడో అర్థమైన సంగతి నాకు అర్థమైంది. జగిత్యాల గదీ, నూనె వేసిన ఫ్యానూ, మజ్జిగా అన్నీ కళ్ళముందు తిరిగాయి. నాకు హార్మోన్లేమీ చెడలేదని, నాకు కావలసింది మోత ఒక్కటేనని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ముందు కడుపన్నాడు, పన్నన్నాడు, ఒక్కపొద్దన్నాడు, ఉమ్మి అన్నాడు, ఇప్పుడు గిర్ని అంటున్నాడని అవ్వ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. లెక్క తప్పలేదు.

రజిత ఒక్కతే నన్ను కాకుండా గిర్ని తలుపువైపు చూస్తోంది.

"బాపూ, మళ్లొకసారి గిర్ని పెట్టు," అంది.

"ఉత్తగ తిప్పితే రాళ్లు అరుగుతయి బిడ్డా."

ఆమె వంటింట్లోంచి చేటెడు గోధుమలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. "ఉత్తగ ఎందుకు, గివి వట్టు. అబద్ధమైతే గిప్పుడే తెలుస్తది," అంది. నావైపు తిరిగి, మెల్లగా, "మీరు ఏం జెయ్యకున్రి. కూసోన్రి సాలు," అంది.

నా జీవితంలో అంత కఠినమైన పరీక్ష రాయలేదు. మోటారు ఎక్కింది. ఆరుగురు మనుషులు నా ముఖాన్ని, పాలు పొంగుతాయేమో అన్నట్టు చూస్తున్నారు. అంతసేపు నిద్రపోయి లేచిన మనిషిని. ఇంతమంది చూస్తుంటే నిద్ర ఎలా వస్తుంది, అయిపోయింది, అబద్ధాలకోరుగా జగిత్యాల పోవాలి అనుకున్నాను. గోడ అదిరింది. కుర్చీ అదిరింది. కనురెప్పల మీద ఎవరో తడి గోనెసంచి కప్పినట్టయింది. దవడ కదిలింది. నేను ఆపాలనుకున్నాను. అది నా మాట వినలేదు. వేములవాడ ఊరి ముందరి కమానంత ఆవులింత వచ్చింది.

ఆ నోరు మూతపడే లోపల అవ్వ లేచింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత వేగంగా లేవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదట. కొంగు తీసి, లడ్డూ తీసి, చెక్కుచెదరని లడ్డూ, నా నోట్లో పెట్టి అరచేత్తో మూసింది.

"రాహుకాలం ఎల్లిపోయింది. తిన్నడు," అంది. "అందరు సూసిన్రు గదా."

రాజేశం గారు మోటారు ఆపి వచ్చి, "ఏమంటవ్ బావా," అన్నారు. బాపు చాలాసేపటి తర్వాత కుర్చీలో మామూలుగా కూర్చున్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, టాక్సీలో పండ్లు ఉన్నాయని ఆరోసారో ఏడోసారో చెప్పింది.

"అవ్వ వెట్టింది సరే," అంది రజిత. "ఇష్టంతోటి తిన్నరా, నిద్రమత్తుల తిన్నరా?"

నోటినిండా బూందీ. మాట రాదు. రికార్డు సక్రమంగా ఉండాలి కాబట్టి పళ్ళెంలోంచి ఇంకో లడ్డూ నా చేత్తో నేనే తీసుకుని, మొదటిదాని పక్కన ఇరికించాను. ఆమె నవ్వింది. హెడ్డింగు మాటకు నవ్విన నవ్వు కాదు, దానికంటే పెద్దది.

రాత్రి ట్యూబు సంగతి అడగకండి. రెండు లడ్డూలతో ఆపనిచ్చేవాళ్ళా వాళ్ళు. ల్యాబు అమ్మాయి, నేను నింపిన రెండు ట్యూబులను మాత్రం పరీక్షించి, రెండూ మామూలుగానే ఉన్నాయని చెప్పింది. ఆ రోజు ఏమైనా ప్రత్యేకం ఉందా సార్ అని అడిగితే, ఏమీ లేదు, ఆదివారమే అన్నాను.

తర్వాత సిరిసిల్ల వెళ్ళినప్పుడు సాంచాల మోతను ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చాను. రాత్రిపూట అది పెట్టుకుంటే మొదటి నిమిషం నాకు గుర్తుంటుంది, రెండోది ఉండదు. ఇర్ఫాన్ వారం రోజులు ఓర్చుకుని, దుకాణంలోనే పరుపు వేసుకున్నాడు. పెళ్ళయ్యాక రజిత ఆ మోత విని, ఇది మా గిర్నిలో సగం కూడా లేదు, కొంచెం పెంచమని అడిగింది.

ఇప్పుడు నా ప్రతిజ్ఞ. దీన్ని రాజేశం మామ గిర్ని మీద కుడిచెయ్యి పెట్టి, మోటారు బందు ఉన్నప్పుడు, చేశాను. ఒళ్ళో ఉమ్మి పెట్టుకుని ఇక జన్మలో ఏ శుభకార్యానికీ వెళ్ళను. ముసలివాళ్ళు చేతికిచ్చిన తీపిని ఏ శాస్త్రం కోసమూ కాదనను. రాత్రి, తక్కువ, అనుమానం అనే మాటలను ఒకే వాక్యంలో వాడను. హార్మోన్ అనే మాటను అవ్వ వినేటంత దూరంలో, అంటే కోరుట్ల మునిసిపాలిటీ హద్దుల్లో, పలకను.

ఆలస్యమైన ప్రతిజ్ఞ అనుకోండి. అవ్వ అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. మా పెళ్ళిలో అక్షింతలు వేస్తూ, నా చెవి దగ్గరకు వంగి, "ఇప్పుడు హార్మోన్లు మంచిగున్నయా?" అని అడిగినవాళ్ళు ముప్పై ఏడుగురు.